బకారం పోయి మకారం వచ్చిన మొండయ్య

అక్షరమంటే నశించనిదని పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. తాళపత్రాల మీది అక్షరాలను చెదలు తినివేసిన దృష్టాంతాలు కావలసినన్ని ఉన్నాయి కనుక ఆ మాటను పూర్తిగా నమ్మనక్కరలేదని వాదించేవారూ ఉన్నారు. వారు సౌదీ అరేబియాలో పరదేశుల నివాస అనుమతి పత్రమైన ఇఖామా కార్డు మీద పడిన అక్షరాన్ని చూసి ఉండరు. దానికి చెదలు పట్టవు, అర్జీలు అంటవు, ఏళ్లు గడిచినా వన్నె తగ్గదు.

మెట్‌పల్లి దగ్గరి ఒక పల్లెటూరి నుంచి మొండయ్య ప్లంబరు పనికి సౌదీ వచ్చాడు. అరబ్బీలో ప్లంబరును సబ్బాక్ అంటారు. వీసా కాగితం నింపిన గుమాస్తా ఎవరో గాని, కింద చుక్క పెట్టవలసిన చోట చిన్న సున్న చుట్టాడు. బకారం పోయి మకారం వచ్చింది. సబ్బాక్ కాస్తా సమ్మాక్ అయింది. సమ్మాక్ అంటే చేపలవాడు. బకార మకారాలు రెండూ పెదవులు కలిస్తే పుట్టే అక్షరాలే, ఒకే వర్గంలోని జ్ఞాతులే. జ్ఞాతులు చేసే ఉపకారం ఎటువంటిదో లోకానికి తెలియనిది కాదు.

అతన్ని తెచ్చుకున్నది తబూక్ పక్కన ఒక పెద్ద గడ్డిపొలంలో నీటి గొట్టాలు బాగుచేసే కాంట్రాక్టు కంపెనీ. సముద్రం అక్కడికి కారులో రెండు గంటల దూరం. ఎడారి నడుమ గడ్డిపొలంలో చేపలవాడికి ఏం పని అని తనిఖీ అధికారి అడిగితే కంపెనీకి జరిమానా, మొండయ్యకు దేశం విడిచే ఎగ్జిట్. అందువల్ల ఫోర్‌మన్ ఒక ఉపాయం పన్నాడు. మెస్సు ఫ్రీజరులో ఒక చేపను స్థిరనివాసిగా ఉంచాడు. తనిఖీ బండి రేపిన దుమ్ము దూరాన కనబడగానే మొండయ్య చేతిలోని రెంచి తీసేసి చేప పెట్టేవారు. అతడు వంటగది గడపలో కూర్చుని భక్తిగా దాన్ని తోముతూ ఉండేవాడు. అధికారులు మారారు, ఫోర్‌మన్లు మారారు, చేప మాత్రం మూడేళ్లపాటు మారలేదు. పొలుసులన్నీ రాలి అది నున్నని కర్రముక్కలా తయారైన తరువాతనే కొత్తది కొన్నారు.

ఆ మకారాన్ని మళ్లీ బకారం చేయించమని మొండయ్య పదకొండేళ్లలో పెట్టుకున్న అర్జీలు ఏడు. ఏడింటికీ జవాబు ఒక్కటే: బుక్రా. రేపు అని దాని అర్థం. రేపు అనేది నిత్యమని, అది ఎన్నటికీ ఇవాళ కాజాలదని మొండయ్య ఏ వేదాంతమూ చదవకుండానే గ్రహించాడు.

అప్పటికి నితాఖత్ వచ్చి కొన్నేళ్లయింది. కంపెనీలో సౌదీలు ఎందరు, పరదేశులు ఎందరు అన్న నిష్పత్తిని బట్టి ప్రభుత్వం ప్రతి కంపెనీకి ఒక రంగు పూస్తుంది. పచ్చరంగు పడినవాడికి అన్ని ద్వారాలూ తెరుచుకుంటాయి. ఎర్రరంగు పడినవాడి దగ్గర ఇఖామాలు రెన్యువల్ కావు. రెండువేల పద్దెనిమిది మొదట్లో పరదేశి తలకింతని లెవీ పెరిగేసరికి గడ్డిపొలం కాంట్రాక్టరు తట్టుకోలేక ఎర్రబడ్డాడు. ఎర్ర కంపెనీ కార్మికుడికి ఒక్క సౌలభ్యం ఉంది. పాత కఫీల్, అంటే పూచీ ఉన్న యజమాని, అనుమతి అడగకుండానే పచ్చ కంపెనీలోకి పేరు మార్పించుకోవచ్చు. నకల్ కఫాలా అంటారు దాన్ని. మొండయ్య ఇఖామాకు ఇంకా యాభై రోజుల ఆయుష్షు ఉంది. ఈలోగా నకల్ కాకపోతే ఇంటికి పోవడమే. నిజామాబాదులో పెద్దకొడుకు ఫార్మసీ చదువు సగంలో ఉంది.

అతడు తిరగని పచ్చ కంపెనీ లేదు. ప్లంబర్లు కావాలన్న కంపెనీలవారు కార్డు చూసి, చేపలవాడివి కదా అని పంపివేశారు. చివరకు, కార్డు చూసి సంతోషించిన మనిషి ఒకడు దొరికాడు.

అతడు అబూ సత్తాం. దుబా ఊరి సమీపంలో సముద్రతీరాన చేపల సర్వే చేసే చిన్న కంపెనీకి ముదీర్, అంటే మేనేజరు. తీరం వెంట లోతులేని నీళ్లలో ఎన్ని చేపలున్నాయో అంచనా కట్టడం ఆ కంపెనీ ఒప్పుకున్న పని. పడవ ఎక్కే ప్రతివాడి కాగితాల్లో సముద్రానికి సంబంధించిన వృత్తి ఉండాలన్నది అక్కడి తీర రక్షకుల షరతు. పచ్చరంగు చెదరకుండా కంపెనీ ఇంకొక్క పరదేశినే చేర్చుకోగలదు.

"సమ్మాక్," అని అబూ సత్తాం కార్డు పైకి చదివి తల పంకించాడు. "నలభై రోజులు పని చూస్తాను. నచ్చితే నకల్ చేస్తాను."

అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అసత్యం కాదని మొండయ్య తన మనసుకు చెప్పుకున్నాడు. మనసు వినీ విననట్టు ఊరుకుంది. ఆ సాయంత్రం భార్య ముత్యవ్వకు ఫోన్ చేశాడు.

"చేపలోల్ల కంపెనీల దొరికింది ముత్తెవ్వా."

"నీకా? పెండ్లైనకాంచి చూస్తన్న, పులుసుల ముల్లు నేనే ఏరి పెడ్తి. నువ్వేం చేపలు పడ్తవ్?"

"పట్టుడు గాదే. లెక్కవెట్టుడట."

"లెక్కవెట్టుడైతే ఇంక మంచిగుంది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు మన మేకలెన్నంటే వేలు ముడుసుకుంట కూసున్నవ్. గవి నిలవడి ఉన్నయి. చేపలు నిలవడతయా?"

ఈ ప్రశ్న మీదనే సర్వే శాస్త్రమంతా నిలబడి ఉందని ముత్యవ్వకు తెలియదు. చేపల శాస్త్రంలో డాక్టరు పట్టం పొందిన బాపిరాజు కూడా ఇంచుమించు ఇదే ప్రశ్నతో నాలుగు నెలలుగా సతమతమవుతున్నాడు.

బాపిరాజుది భీమవరం. నలభై దాటిన మనిషి, సన్నని కళ్లద్దాలు, ఎండకు కమిలిన ముక్కు. సర్వేకు అతడే పెద్ద. ఒక మడుగును ఎంచుకుని దాని మీద మూడు పద్ధతులను పోల్చి చూడటం అతని పని. మొదటిది, ఇద్దరు ఫిలిపినో ఈతగాళ్లు నీటి అడుగున యాభై మీటర్ల తాడు పరిచి, దాని వెంట ఈదుతూ ఇరుపక్కలా కనబడిన చేపలను పలక మీద రాసుకోవడం. రెండవది, పంజరంలో ఎర పెట్టి, కెమెరా కట్టి, గంటసేపు అడుగున వదలడం. వచ్చిన చేపే మళ్లీ మళ్లీ వస్తుంది కనుక, ఒకే బొమ్మలో ఒక్కసారిగా కనబడిన అత్యధిక సంఖ్యనే లెక్కలోకి తీసుకుంటారు. మూడవది అలివి వల. ఒక కొసను ఒడ్డున పట్టుకుని, పడవతో వలను విల్లులా తిప్పి తెచ్చి, రెండు కొసలనూ ఒడ్డుకు లాగి, పడిన చేపలను ఎంచడం.

తర్కశాస్త్రంలో ప్రమాణాలను చెప్పినవారు ఈ మడుగును చూస్తే ఆనందించేవారు. ఈతగాళ్లది ప్రత్యక్షం. కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని ఊహించే కెమెరాది అనుమానం. వలది చేతికి చిక్కినదే సత్యమనే లోకాయత పక్షం. ఇక మిగిలింది ఆప్తవాక్యం. అంటే ఎరిగినవాడి మాట. చేపలు పట్టే కులాలవారికి తరతరాలుగా తెలిసిన రహస్యాలను నివేదికలో ఒక అధ్యాయంగా రాయాలని బాపిరాజు కోరిక. దానికి సరిగ్గా సమయానికి సమ్మాక్ మొండయ్య దొరికాడు.

మరునాడే మూడు పేజీల ప్రశ్నపత్రంతో బాపిరాజు అతని ఎదుట కూర్చున్నాడు.

"మొండయ్య గారూ, మొహమాటం లేకుండా చెప్పండి. నీళ్లలో చేప ఎక్కువుందో తక్కువుందో మీరెలా పోల్చుకుంటారండీ?"

మొండయ్యకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. "ప్రెషర్ చూస్తం సార్."

"ప్రెషరా అండీ?"

"అవ్. చెయ్యి వెడ్తె ఎర్కైతది. గుంజుడు ఎక్కువుంటె ఎటో పోతున్నట్టు. గుంజుడే లేకుంటె ఎక్కడ్నో జామైనట్టు."

బాపిరాజు కలం వేగంగా కదిలింది. జలపీడనాన్ని స్పర్శతో గుర్తించే సంప్రదాయ విద్య అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

"ఇది మీ తాతల నాటి నుంచీ వస్తోందా అండీ?"

"లేదు సార్. ఐటీఐల నేర్పిండ్రు."

బాపిరాజు హాయిగా నవ్వాడు. "ఎంత గొప్పోళ్లకైనా మీలా వినయం ఉండాలండీ," అన్నాడు. మొండయ్య సత్యమే చెప్పాడు. వినయమనే పాత్రలో పడి అది రంగు మారింది.

అలివి వల బాధ్యత మొండయ్యకే అప్పగించారు. అతడు తాళ్ల ముడులను ఒక్కొక్కటిగా పరీక్షించి, ప్రతి ముడికీ తెల్లని ప్లంబరు టేపు కుడివైపుగా చుట్టసాగాడు. పడవ నడిపే అబ్దుల్ ఘనీ ఇంజను కట్టేసి వచ్చి పక్కన నిలబడ్డాడు. అతడిది కడప జిల్లా.

"మొండన్నా, చేపలోడు ముడేస్తాడు. నువ్వేంది టేపు చుడతాండావు?"

"లీకైతదని."

"వలకు లీకేందన్నా. వలంటేనే అంతా లీకు గదా."

మొండయ్య చేయి ఆగింది. ఘనీ నవ్వు ఆపుకుంటూ అతని పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు సమ్మాక్‌వి కాదని నాకు మొదటి దినమే తెలిసిపాయ. చేపను చేతికిస్తే కొళాయి తిప్పినట్టు తిప్పి చూస్తివి."

"ఎవలకు చెప్పకు ఘనీ భాయ్. నకల్ అయ్యేదాంక జెర ఊకో."

"నేనేంటికి చెప్తా? నా ఇఖామాలో నావికుడని ఉండాది. మా కడప జిల్లాలో సముద్రం యాడుందో చూపీ చూద్దాం."

ఆనాడు వల లాగినప్పుడు దాని అడుగునున్న తాడు రాళ్లకు తట్టుకుని పైకి లేచింది. లోపలున్న చేపలన్నీ కిందనుంచి మర్యాదగా బయటికి వెళ్లిపోయాయి. ఒడ్డుకు వచ్చినవి మూడు చేపలు, ఒక చెప్పు. చెప్పును లెక్కలో రాయాలా అని మొండయ్య అడిగాడు. బాపిరాజు దాన్ని కూడా చమత్కారంగానే తీసుకున్నాడు.

అయితే ఆ తరువాత మూడు వారాలూ చమత్కారానికి తావు లేకుండా పోయింది. మూడు పద్ధతులూ ఒకదానితో ఒకటి విభేదించడం సహజమే. బుడగలు వదిలే ఈతగాడిని చూసి పిరికి చేప దాక్కుంటుంది. ఎర వాసనకు పెద్ద హామూర్ చేప వస్తే చిన్న చేపలు కెమెరా ముందుకు రావు. అలివి వల చిన్నవాటిని పట్టి పెద్దవాటిని వదులుతుంది. ఎవరి లోపం ఎంతో తేల్చి, దానికి తగిన దిద్దుబాటు చెప్పడమే బాపిరాజు పరిశోధన. దానికోసమే మడుగు ముఖద్వారానికి అడ్డువల కట్టి, లోపలి చేప లోపలే ఉండేటట్టు చేశాడు. రెండవ పక్కన పాత రేవుకు పోయే రోడ్డు కట్ట ఉంది. కట్ట కింది తూమును ఏనాడో సిమెంటుతో మూసేశారని పటంలో ఉంది. కనుక మడుగు మూత వేసిన గిన్నె వంటిది.

కాని ఆ గిన్నెలో చేపలు ఒక పూట ఉండి ఒక పూట మాయమయ్యేవి. ఈతగాళ్లు పొద్దున రెండువందల పన్నెండు రాస్తే సాయంత్రం ముప్పై ఒకటి రాసేవారు. వారం తిరిగేసరికి పొద్దున ముప్పై, సాయంత్రం రెండువందలు. కెమెరాలో ఒకనాడు తిరునాళ్ల జనం, ఒకనాడు ఎర ఒక్కటే ఊగుతూ ఉండేది. తమ పద్ధతితో తామే విభేదించే సాక్షులను నమ్మేదెలా?

ఆదివారం వచ్చిన అబూ సత్తాం కాఫీ తాగి, ఎప్పటిలాగే అడిగాడు. "కమ్ సమక్?" ఎన్ని చేపలు అని అర్థం.

బాపిరాజు అరగంట సేపు పద్ధతుల గుణదోషాలు వివరించాడు. అబూ సత్తాం ఓపికగా విన్నాడు.

"నేను ఒంటెలు ఎన్ని అని అడిగాను. నువ్వు ఒంటెలను చూసే విధానాలు చెబుతున్నావు."

"అదే కదా సార్ మా సైన్సు."

"గురువారం నివేదిక పోవాలి. ఏ పద్ధతి మంచిదో ఒక్కటి రాయి. నివేదిక పోయాక ఇతని నకల్ చూస్తాను." అతడు మొండయ్య వైపు వేలు చూపించి వెళ్లిపోయాడు.

మొండయ్య ఇఖామాకు ఇక పదిహేడు రోజులు.

సోమవారం పొద్దున అతడు నడుము లోతు నీళ్లలో వల కొస పట్టుకుని నిలబడ్డాడు. గాలి లేదు, అల లేదు. అయినా మోకాళ్ల దగ్గర ఏదో మెల్లగా, విడవకుండా గుంజుతున్నట్టు అనిపించింది. కట్ట వైపు రెండడుగులు వేశాడు. గుంజుడు పెరిగింది. ఇరవై ఏళ్లుగా గోడల వెనకా నేల కిందా నీటి జాడ పట్టిన చేయి తనకు తెలియకుండానే నీళ్లలోకి పోయింది. మొండయ్య వల కొసను ఘనీ చేతికిచ్చి మెస్సు వైపు నడిచాడు.

తిరిగి వచ్చినప్పుడు అతని దోసిట్లో గుడ్డలో కట్టిన కిలో పసుపు ఉంది. చెప్పులు విడిచాడు, చొక్కా విప్పి ఒడ్డున పెట్టాడు, మెల్లగా నీళ్లలోకి దిగి కట్ట ఎదుట నిలబడి, పెదవులు కదుపుతూ పసుపును కొద్దికొద్దిగా వదలసాగాడు.

బాపిరాజు ఒడ్డున కుర్చీలోంచి లేచాడు. అతని ముఖం భక్తితోనూ పరిశోధకుడి ఆశతోనూ వెలిగింది. నోటుపుస్తకం తీసుకుని, తనూ చెప్పులు విడిచి నీటి అంచుకు వచ్చాడు.

"గంగమ్మ తల్లికండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంది సార్?"

"మొక్కు. చేప పడకపోతే మీలో పసుపు సమర్పిస్తారన్నమాట. పడమటి ముఖంగా నిలబడ్డారేంటండీ? తూర్పుకి తిరగరా?"

"అటే గుంజుతాంది సార్."

"లోపల చదువుతున్న మంత్రం పైకి చెప్పచ్చాండీ? రాసుకుంటాను."

"లెక్కవెడుతున్న సార్. నలభై ఐదు, నలభై ఆరు." మొండయ్య తల తిప్పకుండా కేకేశాడు. "ఘనీ భాయ్, కట్టెక్కి అటుపక్క చూడు. పసుపు కనవడుతాందా?"

కట్ట మీదికి ఎక్కిన అబ్దుల్ ఘనీ కొంతసేపు సముద్రం వైపు వంగి చూశాడు. "వస్తాండాదన్నా. రాళ్ల కిందనుంచి పచ్చగా వస్తాండాది. దాంతోపాటే బూరి చేపలు గుంపులు గుంపులుగా పోతాండాయి. మన వలను చూసి నవ్వుకుంటా పోతాండాయి."

బాపిరాజు పరుగెత్తి కట్టెక్కాడు. మూసేశారన్న తూము సిమెంటు కింది భాగాన పగిలి, మనిషి దూరేంత కంత పడి ఉంది. పాటు వచ్చి నీరు దిగేటప్పుడు చేపలన్నీ అందులోంచి సముద్రంలోకి పోతున్నాయి. పోటుతో మళ్లీ లోపలికి వస్తున్నాయి. పాటు వేళ లెక్కపెట్టినవాడికి ముప్పై, పోటు వేళ లెక్కపెట్టినవాడికి రెండువందలు. మూడు పద్ధతులలో ఏదీ అబద్ధం చెప్పలేదు. గిన్నెకే చిల్లు ఉంది.

"మొండయ్య గారూ," అన్నాడు బాపిరాజు, ఇంకా ఆయాసపడుతూనే, "ఎంతటి పూజండీ ఇది. తల్లి దారి చూపించింది."

ఇక్కడ మొండయ్య ఊరుకుని ఉంటే సరిపోయేది. సమ్మాక్ గౌరవం రెట్టింపయ్యేది, నివేదికలో ఒక అధ్యాయం అతని పేరనే ఉండేది, నకల్ కూడా అయ్యేది. అతడు చేతులకంటిన పసుపును నీళ్లలో కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"పూజ గాదు సార్. కలర్ టెస్టింగ్. సంపులు కారితే గిట్లనే చేస్తం. నేను చేపలోన్ని గాదు, ప్లంబర్‌ను. కార్డు మీద అక్షరం తప్పు వడ్డది."

బాపిరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మరి ప్రెషర్ చూస్తామన్నారు కదండీ."

"నీళ్ల ప్రెషర్ సంగతే చెప్పిన."

"ఐటీఐ..."

"నిజంగనే ఐటీఐ సార్. జగిత్యాల."

బాపిరాజు నోటుపుస్తకంలోని మూడు పేజీలను కొంచెంసేపు దిగులుగా చూసి, నెమ్మదిగా చించి జేబులో పెట్టుకున్నాడు. "నేనెవరికీ చెప్పనండీ. ముదీర్‌కి తెలిస్తే మీ నకల్ ఆగిపోద్ది."

"ఆయన అడుగుతడు గద సార్, లీకు ఎవలు వట్టిండ్రని. మీరు పట్టిన్నంటరా?"

బాపిరాజుకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఉన్నా, పసుపుకు శాస్త్రీయమైన కారణం దొరకదు.

అదే రోజు పిలిపించగా వచ్చిన అబూ సత్తాం కట్ట మీద నిలబడి రాళ్లకంటిన పసుపు చారలను చూశాడు. ఎవరు కనుక్కున్నారని అడిగాడు. మొండయ్య ముందుకు వచ్చి, తనకు వచ్చిన అరబ్బీలో, బకారాన్ని స్పష్టంగా పలికాడు. "అన సబ్బాక్."

అబూ సత్తాం కార్డు తెప్పించుకుని వెలుతురుకు ఎత్తి పట్టాడు. చుక్క లేదు. సున్న ఉంది.

"నకల్ చేసే సర్కారు సిస్టంలో వృత్తి పేరు కార్డు నుంచి దానంతటదే వస్తుంది. నేను మార్చలేను. నాకు సబ్బాక్ కోటా లేదు. సమ్మాక్ కోటా ఉంది."

"ఎర్కే సార్," అన్నాడు మొండయ్య తెలుగులోనే.

"అయితే నా కాగితంలో అబద్ధం ఉండకూడదు." అతడు కార్డు తిరిగి ఇచ్చాడు. "నివేదికకు నేను పది రోజులు గడువు అడుగుతాను. ఈ కంతకు నువ్వు తలుపు పెట్టు. ఆ పది రోజుల్లోనే చేపలు నేర్చుకో. పదో నాడు నేను మార్కెట్టు నుంచి పది చేపలు తెస్తాను. పేర్లు చెప్పు. చెబితే నువ్వు సమ్మాక్‌వి, బటన్ నొక్కుతాను. చెప్పకపోతే నువ్వు మంచి సబ్బాక్‌వి, దారిఖర్చు ఇస్తాను."

ఆ పది రోజులూ మొండయ్య విద్యార్థి దశ. పొద్దున తూముకు ఇనుప చట్రం బిగించి, తెరిచి మూసే జాలీ తలుపు పెట్టి, తలుపు ఎదుట కెమెరా అమర్చాడు. వచ్చే చేప పోయే చేప అన్నీ ఆ ఒక్క దారినే పోవాలి కనుక మడుగులోని అసలు సంఖ్య మొదటిసారిగా తేలింది. దానితో సరిచూస్తే ఈతగాళ్లు పిరికివాటిలో సగాన్ని చూడలేదని, కెమెరా పెద్దవాటిని సరిగ్గా చెప్పి చిన్నవాటిని దాచిందని, వల చిన్నవాటిలో నిజాయితీగా ఉందని, మూడింటినీ ఒకే పోటు వేళ చేస్తేనే పోలిక చెల్లుతుందని బాపిరాజు రాశాడు. ఒక్కటే మంచిదని రాయలేదు. ఏ చేపకు ఏ పద్ధతో రాశాడు.

మధ్యాహ్నాలు పాఠం జరిగేది. ఊళ్లో మొండయ్యకు తెలిసినవి రవ్వ, బొచ్చె, కొర్రమీను. ఇక్కడి చేపలకు ఆ ముఖాలు లేవు.

"దీని మూతి ముందుకు సాగుతోంది చూడండి. షఊర్ అండీ."

"ట్యాపు మూతి. షఊర్."

"ఇది నడుము దగ్గర వంగింది."

"ఎల్బో పైపు లెక్క. పేరేంది సార్?"

"సీజాన్. వెన్ను మీద ముళ్లకు విషం ఉంటుందండీ, చెయ్యి పెట్టకండి."

"ఎల్బోకు విషం," అని మొండయ్య మననం చేశాడు.

పక్కన కూర్చున్న ఘనీ తల పట్టుకున్నాడు. "సారూ, రేపు ముదీర్ ముందర ఈయన ఎల్బో, టీ, రెడ్యూసరు అంటాడు చూడు. నువ్వు గూడా ఎగ్జిట్‌లో పోతావు. పసుపు లేక వారం నుంచి కూర తెల్లగా తింటాండాం, అదీ లెక్కలో రాయి."

పదవనాడు అబూ సత్తాం ఐసు పెట్టెతో వచ్చాడు. ఒడ్డున ప్లాస్టిక్ పట్టా మీద పది చేపలు పరిచారు. ఇఖామాకు ఏడు రోజులు మిగిలి ఉన్నాయి. మొండయ్య మొదటి చేప దగ్గర కూర్చుని కళ్లు మూసుకుని ట్యాపు మూతిని తలుచుకున్నాడు.

"షఊర్."

అబూ సత్తాం తల ఊపాడు. రెండవది హామూర్. మూడవది బూరి, ఆ పేరు మొండయ్యకు జన్మలో మరుపుకు రాదు. సీజాన్‌ను తాకకుండా దూరం నుంచి చూపించాడు. అయిదు, ఆరు, ఏడు. ఎనిమిదవదాని దగ్గర తడబడి, పక్కకు తిప్పి, తోక చూసి, సరిగ్గానే చెప్పాడు. తొమ్మిదవదీ చెప్పాడు.

పదవది చారలు లేని, చుక్కలు లేని, కొంచెం విచారంగా కనబడే చేప. దాని మూతి ట్యాపును పోలలేదు. ఒంట్లో ఎక్కడా వంపు లేదు. మొండయ్య దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. ఏదో ఒక పేరు అనవచ్చు. తెలిసిన పేర్లు ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి.

"మా అరఫ్," అన్నాడు. నాకు తెలియదు.

అబూ సత్తాం బాపిరాజు వైపు తిరిగాడు. బాపిరాజు వంగి చూశాడు, రెక్క కింది ముళ్లు ఎంచాడు, పుస్తకం తెరిచి మూశాడు. "రూఢిగా చెప్పలేను సార్. చూడాలి." ఈతగాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని పెదవి విరిచారు. ఘనీ ఆకాశం వైపు చూశాడు.

"నాకూ తెలియదు," అన్నాడు అబూ సత్తాం. "అమ్మినవాడూ చెప్పలేకపోయాడు. పదికి పది చెప్పేవాడు నాకెప్పుడూ అనుమానమే." అతడు జేబులోంచి ఫోను తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, అక్కడే నిలబడి, ఒక్కొక్క అంకే గొణుగుతూ ఇఖామా నంబరు కొట్టి బటన్ నొక్కాడు.

ఆ మధ్యాహ్నం పది చేపలూ వండారు. కొత్త పసుపు తెచ్చారు. పదవది పులుసులో వేస్తే ముళ్లు లెక్కకు మిక్కుటంగా వచ్చాయి. మొండయ్య వాటిని పళ్లెం అంచున ఒక్కొక్కటిగా తానే ఏరి పెట్టుకుంటూ ఉండగా ఫోను మోగింది. నకల్ ఆమోదమైందన్న సందేశం. చేతికి పులుసు ఉన్నందువల్ల ఘనీ చదివి వినిపించాడు, వృత్తి దగ్గరికి వచ్చాక గొంతు పెంచి, "సమ్మాక్" అని.

"మళ్లీ సదువు," అన్నాడు మొండయ్య, ఇంకొక ముల్లు తీస్తూ.